పాత పందెపు కార్ల ఛాయాచిత్రాలు - వాటిని గుర్తించే శాస్త్రీయ పద్ధతులు

ఒక పాత పెట్టెలో రెండు మూడు వందల ఛాయాచిత్రాలు దొరికినవనుకొందాం. అన్నీ పందెపు కార్ల చిత్రాలే. కొన్నిటి వెనుక పెన్సిలుతో ఒక ఊరి పేరు, ఒక సంవత్సరం వ్రాసి ఉన్నవి. చాలావాటి వెనుక ఏమీ లేదు. ఏ కారు? ఏ పందెం? ఏ సంవత్సరం? తోలినవాడెవడు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతే ఆ పెట్టెలోనిది చరిత్ర కాదు, ఉత్త కాగితమే.

ఐరోపాలోను, అమెరికాలోను ఇటువంటి పెట్టెలు వేలకొలది ఉన్నవి. మోటారు కారు పుట్టిన కొద్ది ఏండ్లకే కార్ల పందేలు పుట్టినవి. 1906లో ఫ్రాన్సులో మొదటి గ్రాండ్ ప్రీ పందెం జరిగింది. ప్రతి పందేనికి పత్రికల వారు, ఔత్సాహికులు కెమేరాలు తీసుకొని వెళ్ళేవారు. ఆనాటి కార్లలో అనేకం ఈనాడు లేవు. విరిగిపోయినవి కొన్ని, యుద్ధకాలంలో లోహం కోసం కరిగించినవి కొన్ని. మిగిలిన కార్లలోనైనా ఇంజను ఒకదానినుంచి, చట్రం మరొకదానినుంచి వచ్చి చేరినవి ఉన్నవి. ఒక కారు నిజంగా ఫలానా పందెంలో పరుగెత్తిన కారేనా అన్న వివాదం వస్తే, పాత ఛాయాచిత్రమే ముఖ్య సాక్షి అవుతుంది. ఆ సాక్షి మీద తప్పు పేరు వ్రాసి ఉంటే తీర్పు కూడ తప్పుతుంది. ఒక పుస్తకంలో పడిన తప్పు మరొక పుస్తకంలోకి ప్రాకుతుంది. కాబట్టి చిత్రాలను ఏర్చికూర్చే పని ఓపిక గలవారి కాలక్షేపం మాత్రమే కాదు. అది సాక్ష్యాన్ని పరీక్షించే శాస్త్రం.

ఒక ప్రసిద్ధ చిత్రం

ఈ విషయంలో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు జాక్ ఆన్రీ లార్టీగ్ తీసిన చిత్రం మంచి ఉదాహరణ. లార్టీగ్ 1894లో పుట్టాడు, 1986లో మరణించాడు. బాల్యంనుంచి కెమేరా ఆయన చేతిలోనే ఉండేది. ఆయన యౌవనంలో తీసిన ఒక చిత్రంలో 6వ నెంబరు గల పందెపు కారు దూసుకుపోతూ ఉంటుంది. ఆ కారు ముందు భాగం చిత్రంలో పట్టలేదు. విచిత్రమేమంటే, గుండ్రంగా ఉండవలసిన చక్రం కోడిగ్రుడ్డు ఆకారంలో సాగి ముందుకు వాలి ఉంటుంది. రోడ్డు ప్రక్కన నిలుచున్న జనం, స్తంభం, దీనికి ఎదురు దిక్కుకు వాలి ఉంటారు. చూచినవారికి ఆ వేగం కండ్లకు కట్టినట్లు ఉంటుంది. 1963లో న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాలలో లార్టీగ్ చిత్రాలను ప్రదర్శించిన తరువాత ఆయన పేరు లోకమంతా ప్రాకింది.

ఈ చిత్రం క్రింద చాలాకాలం ఒకే వివరం అచ్చవుతూ వచ్చింది: 1912వ సంవత్సరం, దియెప్ నగరం దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీ, డెలాజ్ కారు. ఆ తేదీ చిత్రం తీసిన మనిషి చెప్పినదే. అయినా పరిశోధకులు ఆ మాటతో తృప్తి పడక, కారు రూపాన్ని, నెంబరును, ఆనాటి పందేల పట్టికలను పోల్చి చూచారు. తేలినదేమంటే, అది డెలాజ్ కాదు, థియొడోర్ ష్నైడర్ సంస్థ కారు. తోలినవాడు రెనె క్రోకే. పందెం 1913 జూలై 12న అమియా దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీ. తీసినవాని జ్ఞాపకం ఒక సంవత్సరం తప్పింది. గాజు పలక మాత్రం తప్పలేదు. ఈ ఒక్క ఉదాహరణతో పనికివచ్చే సూత్రం ఒకటి దొరుకుతుంది: చిత్రం వెనుక వ్రాసిన మాట ఒక సాక్ష్యం మాత్రమే, చిత్రం లోపల ఉన్నది మరొక సాక్ష్యం. రెండూ కలిస్తేనే నిర్ణయం.

చక్రం ఎందుకు వాలింది?

ఆ చక్రం నిజంగా వాలలేదు. కెమేరా చేసిన పని అది. ఆనాటి వేగపు కెమేరాలలో గాజు పలకకు సరిగ్గా ముందు ఒక నల్లని గుడ్డ తెర ఉండేది. ఆ తెరలో అడ్డంగా ఒక సన్నని చీలిక. మీట నొక్కగానే ఆ చీలిక పలక పైనుంచి క్రిందికి జారుతుంది. చీలిక ఎక్కడ ఉంటే అక్కడ మాత్రమే వెలుగు పడుతుంది. అనగా చిత్రమంతా ఒకే క్షణంలో పడదు. వరుస వెంట వరుసగా పడుతుంది.

ఇక్కడ మరొక సంగతి జ్ఞప్తికి తెచ్చుకోవలెను. కటకం ఏర్పరచే ప్రతిబింబం తలక్రిందులుగా ఉంటుంది. పలక మీద పైన ఉండేది నేల, క్రింద ఉండేది ఆకాశం. కాబట్టి చీలిక పైనుంచి జారినపుడు చక్రం అడుగు ముందు నమోదవుతుంది, పైభాగం తరువాత నమోదవుతుంది. ఈ రెండింటి నడుమ కారు కొంత దూరం ముందుకు జరుగుతుంది. అందుచేత చక్రం పైభాగం ముందుకు జరిగినట్లు, అనగా చక్రం ముందుకు వాలినట్లు కనిపిస్తుంది.

దీనిని లెక్కతో చూద్దాం. సంఖ్యలు సులభంగా ఉండేందుకు తీసుకొన్నవే. పలక ఎత్తు 9 సెంటీమీటర్లు, చీలిక దానిని దాటడానికి పట్టే కాలం సెకనులో 20వ వంతు, చీలిక వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు అనుకొందాం. చీలిక వెడల్పు పలక ఎత్తులో 20వ వంతు గనుక, పలక మీద ఏ ఒక్క బిందువుకైనా వెలుగు తగిలే కాలం సెకనులో 400వ వంతు మాత్రమే. కారు వేగం గంటకు 108 కిలోమీటర్లు, అనగా సెకనుకు 30 మీటర్లు. సెకనులో 400వ వంతులో కారు జరిగేది ఏడున్నర సెంటీమీటర్లు. చిత్రం మసకబారడం అంతవరకే. కాని 90 సెంటీమీటర్ల చక్రం ప్రతిబింబం పలక ఎత్తులో నాలుగవ వంతు ఉంటే, చీలిక దానిని దాటడానికి సెకనులో 80వ వంతు పడుతుంది. ఆ కాలంలో కారు ముప్పదిఏడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. చక్రం ఎత్తులో మూడవ వంతు కంటె ఎక్కువ వాలు అన్నమాట. మసక తక్కువ, వాలు ఎక్కువ. ఆ చిత్రంలోని వింతకు మూలం ఇదే.

మరి జనం వెనుకకు వాలడమెందుకు? ఛాయాగ్రాహకుడు కారును అనుసరిస్తూ కెమేరాను తిప్పాడు. తిరుగుతున్న కెమేరాకు నిలిచి ఉన్న జనం వెనుకకు జరుగుతున్నట్లే లెక్క. కాబట్టి వారి తలలు కాళ్ళకంటె వెనుకకు పడినవి. కెమేరాను కారుతో సమానంగా తిప్పి ఉంటే కారు నిట్టనిలువుగా వచ్చి, జనం మాత్రమే వాలేవారు. అసలు తిప్పకుండా ఉంటే కారు మాత్రమే వాలేది. రెండూ వాలినవి గనుక, తిప్పినాడు కాని కారు వేగాన్ని అందుకోలేకపోయినాడని చెప్పవచ్చును. తీసినవాని చేతి కదలికను కూడ ఒక పాత చిత్రం ఇలా బయటపెడుతుంది.

ఈనాటి సెల్‌ఫోను కెమేరాలు చాలావాటిలో కూడ ప్రతిబింబం వరుస వెంట వరుసగానే నమోదవుతుంది. పరుగెత్తే రైలు కిటికీ నుంచి దగ్గరి స్తంభాలను తీస్తే అవి వాలి కనిపించడం, తిరుగుతున్న పంకా రెక్కలు వంకరపోవడం దీనివల్లనే. విద్యార్థులు తరగతిలోనే పంకాను తీసి ఈ సంగతి పరీక్షించవచ్చును.

నలుపు తెలుపులలో రంగు

ఆ రోజులలో ఏ దేశపు కారుకు ఆ దేశపు రంగు ఉండేది. ఫ్రాన్సు నీలం, ఇటలీ ఎరుపు, బ్రిటన్ ఆకుపచ్చ, బెల్జియం పసుపు, జర్మనీ తెలుపు. 1934 నుంచి జర్మను కార్లు వెండి రంగులో వచ్చినవి. చిత్రంలో రంగు తెలిస్తే దేశం తెలుస్తుంది. కాని నలుపు తెలుపు చిత్రంలో రంగును ఊహించడంలో ఒక మోసం ఉన్నది.

వెండి లవణాలకు సహజంగా నీలి కాంతి, అతినీలలోహిత కాంతి మాత్రమే తగులుతుంది. ఎరుపు తగలదు. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఆ లవణాలు ఆకుపచ్చ కాంతిని కూడ గ్రహిస్తవని కనుగొన్నాడు. ఇటువంటి పలకలను ఆర్థోక్రోమాటిక్ పలకలంటారు. అన్ని రంగులను గ్రహించే పాన్‌క్రోమాటిక్ పలకలు 1906లో అమ్మకానికి వచ్చినవి. కాని అవి సర్వసాధారణం కావడానికి చాలా ఏండ్లు పట్టింది.

కాబట్టి పాత పలక మీద ఇటలీ వారి ఎర్రకారు దాదాపు నల్లగా వస్తుంది. ఫ్రెంచివారి నీలికారు, మన కంటికి ముదురుగా కనబడేదైనా, లేత బూడిదరంగులో వస్తుంది. ఆకాశం తెల్లని కాగితంవలె ఉంటుంది. అదే జంట కార్లను పాన్‌క్రోమాటిక్ ఫిల్ము మీద తీస్తే ఈ తేడా తగ్గిపోవచ్చును, తారుమారు కూడ కావచ్చును. అందుచేత ఫిల్ము ఏదో తెలియకుండా రంగు చెప్పడం ప్రమాదం. ఆకాశం, ప్రేక్షకుల పెదవులు, జెండాలు వీటి ఛాయలను పోల్చి ముందు ఫిల్ము జాతిని గుర్తించవలెను.

దేశపు రంగు నియమానికి కూడ మినహాయింపులున్నవి. 1924లో సిసిలీ ద్వీపంలో జరిగిన తార్గా ఫ్లోరియో పందేనికి జర్మను మెర్సిడెస్ కార్లు ఎర్రరంగు వేసుకొని వచ్చినవి. ఆ పందెం గెలిచింది కూడ మెర్సిడెస్ కారే. ఆ చిత్రంలో నల్లగా కనబడే కారును చూచి, ఇటలీ కారని తొందరపడితే తప్పే.

కారే ఒక పంచాంగం

భూగర్భ శాస్త్రజ్ఞుడు రాతి పొరలలోని శిలాజాలను చూచి పొర వయస్సు చెప్పినట్లు, కారు భాగాలను చూచి చిత్రం వయస్సు చెప్పవచ్చును. కొన్ని గుర్తులు ఇవి.

1914లో లియాన్ దగ్గర జరిగిన గ్రాండ్ ప్రీలో ప్యూజో, డెలాజ్, ఫియట్ కార్లకు ముందు చక్రాలకు కూడ బ్రేకులుండేవి. గెలిచిన మెర్సిడెస్‌కు మాత్రం లేవు. అంతకుముందు గ్రాండ్ ప్రీ కార్లలో ముందు బ్రేకులు సామాన్యంగా కనబడవు.

తొలిరోజులలో డ్రైవరు ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చునేవాడు. 1925 నుంచి గ్రాండ్ ప్రీ పందేలలో ఆ పద్ధతి నిషిద్ధమయింది. ఒకే సీటు గల ఆల్ఫా రోమియో పి3 1932లో వచ్చింది. హెల్మెట్ సంగతి కూడ ఇటువంటిదే: చాలాకాలం గుడ్డ టోపీలే ధరించేవారు, ఫార్ములా వన్ పందేలలో గట్టి హెల్మెట్ 1952లో తప్పనిసరి అయింది. ఇంజను డ్రైవరు వెనుక ఉంటే అది 1934 తరువాతి ఆటో యూనియన్ కావచ్చును, లేదా 1950ల తరువాతి కారు కావచ్చును. 1958లో అర్జెంటీనాలో స్టర్లింగ్ మాస్ గెలిచిన కూపర్ కారు తరువాత అందరూ ఆ దారి పట్టారు. కారు మీద విమానపు రెక్కవంటి పలక ఉంటే ఫార్ములా వన్‌లో అది 1968 నాటిది గాని, తరువాతిది గాని కావలెను.

ఇక్కడ తర్కం జాగ్రత్తగా నడపవలెను. చిత్రంలో కనబడే అన్ని గుర్తులలో అన్నిటికంటె కొత్తది ఏదో, చిత్రం దానికంటె పాతది కాజాలదు. ఇది గట్టి మాట. కాని పాత గుర్తు ఉన్నంతమాత్రాన చిత్రం పాతదని చెప్పలేము. 1924లో లియాన్ దగ్గర మొదట పందేనికి దిగిన బుగాటి 35 రకం కారు, దానికి గల ఎనిమిది ఆకుల అల్యూమినియం చక్రాలతోను, గుర్రపు లాడంవంటి రేడియేటరుతోను, ఎవరికైనా పోలిక తెలుస్తుంది. కాని ఆ కార్లు ఈనాటికీ ప్రాచీన కార్ల పందేలలో పరుగెత్తుతూనే ఉన్నవి. కారు 1925 నాటిది, చిత్రం 1975 నాటిది కావచ్చును. అప్పుడు కారును వదిలి ప్రేక్షకుల బట్టలను, ప్రక్కన నిలిపిన మామూలు కార్లను, ప్రకటన పలకలను చూడవలెను.

అలాగే ఒక నియమానికి ఎదురుగా ఒక ఉదాహరణ ఎప్పుడూ ఉంటుంది. కారులో ఒక్కడే ఉన్నాడు గనుక 1925 తరువాతిదే అనవచ్చునా? అనరాదు. 1911లో అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెం గెలిచిన రే హారూన్ తన మార్మన్ కారులో ఒంటరిగానే కూర్చున్నాడు. వెనుక వచ్చేవారిని చూచుకోవడానికి ఒక అద్దం బిగించుకొన్నాడు.

నెంబరు, నీడ

కారు మీది నెంబరు అన్నిటికంటె సులభమైన ఆధారం. కాని ఆ రోజులలో నెంబరు పందెం పందేనికి మారేది. ఆ పందెపు ప్రవేశ పట్టిక చేతిలో లేకపోతే 6 అన్న అంకెకు అర్థం లేదు. కొన్ని పందేలలో నెంబరు అంతకంటె ఎక్కువ చెబుతుంది. 1955 మే 1న ఇటలీలోని మిల్లె మిల్యా పందెంలో స్టర్లింగ్ మాస్, డెనిస్ జెంకిన్సన్ వెళ్ళిన మెర్సిడెస్ నెంబరు 722. అనగా ఆ కారు ఉదయం 7 గంటల 22 నిమిషాలకు బయలుదేరింది. వేయి మైళ్ళను వారు 10 గంటల 7 నిమిషాల 48 సెకనులలో పూర్తి చేశారు. ఆ కారు చిత్రం ఫలానా ఊరిలో తీసినదంటే, అక్కడికి అది ఎన్ని గంటలకు చేరి ఉంటుందో ఇంచుమించుగా లెక్కకట్టి, చిత్రంలోని నీడలతో పోల్చవచ్చును.

నీడ అబద్ధం చెప్పదు. అమియా అక్షాంశం సుమారు 50 డిగ్రీలు. జూలై 12 నాటికి సూర్యుడు విషువద్రేఖకు ఉత్తరంగా 22 డిగ్రీలలో ఉంటాడు. 90లోనుంచి 50 తీసివేసి 22 కలిపితే 62. అనగా ఆ రోజు అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుని ఎత్తు సుమారు 62 డిగ్రీలు. ఒక మీటరు కర్ర నీడ అప్పుడు 53 సెంటీమీటర్లు. అంతకంటె పొట్టి నీడ ఆ రోజు అక్కడ పడే వీలు లేదు. అంతకంటె పొట్టి నీడ కనబడే చిత్రాన్ని ఆ పందెం చిత్రమని ఎవరైనా చూపితే ఒప్పుకోనక్కరలేదు.

నెగటివును తిరగవేసి అచ్చువేసిన చిత్రాలు కూడ తగులుతవి. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతవి. అంకెలు తిరగబడితే వెంటనే తెలుస్తుంది. 8, 11 వంటి అంకెలైతే తెలియదు. అప్పుడు స్టీరింగు ఏ ప్రక్క ఉన్నదో, కోటు గుండీలు ఏ ప్రక్క ఉన్నవో చూడవలెను.

కాపాడుట, పంచుకొనుట

గుర్తించడానికి ముందు చిత్రం బ్రతికి ఉండవలెను. 1950ల తొలినాళ్ళ వరకు వాడుకలో ఉన్న సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్ము సులభంగా అంటుకొంటుంది. కాలం గడిచినకొద్దీ తనంతట తానే క్షీణిస్తుంది. దానిని ఇతర ఫిల్ములతో కలిపి ఉంచరాదు. తరువాత వచ్చిన అసిటేట్ ఫిల్ము పాడైనప్పుడు అసిటిక్ ఆమ్లం వెలువడుతుంది. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే వ్యాధి మొదలైనట్లే. వేడి, తేమ ఈ రెండూ ఆ వ్యాధిని త్వరపెడతవి. గాజు పలకలను ఒకదానిమీద ఒకటి పేర్చక, అంచుమీద నిలబెట్టి ఉంచవలెను. చిత్రాలను అంచులు పట్టుకొని తీయవలెను. వెనుక బాల్‌పెన్ను కాక మెత్తని పెన్సిలు వాడవలెను.

పెట్టెలో చిత్రాలున్న వరుసను చెడగొట్టరాదు. ఒకే రీలులో ముందు వెనుకల ఉన్న రెండు చిత్రాలలో ఒకటి తెలిస్తే రెండవది తెలుస్తుంది. కార్ల పేరుతో విడదీస్తే ఆ బంధం తెగిపోతుంది. ముందు ప్రతి చిత్రానికి ఒక వరుస సంఖ్య ఇచ్చి, తరువాత జాబితాలో ఎన్ని విధాలుగానైనా వర్గీకరించవచ్చును.

స్కాను చేసేటప్పుడు సూక్ష్మ వివరాలు పోకుండా చూడవలెను. 6 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు గల నెగటివును అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాను చేస్తే దాదాపు 4 కోట్ల 80 లక్షల చుక్కల చిత్రం వస్తుంది. రేడియేటరు మీది పేరు చదవడానికి ఇటువంటి సూక్ష్మత పనికివస్తుంది. మొదటి ప్రతిని ముట్టుకోకుండా దాచి, గీతలు తుడిచి సరిచేసిన ప్రతిని వేరుగా ఉంచవలెను. అంచులు కత్తిరించరాదు, ఆధారం ఒక్కొక్కప్పుడు మూలలోనే ఉంటుంది.

పదిమందికి చూపితే తెలియనివి తెలుస్తవి. 2008లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పాత చిత్రాలు సుమారు 3,000 ఇంటర్‌నెట్‌లో ఉంచి, చూచినవారు తమకు తెలిసినది చెప్పవలసిందని కోరింది. వాటిలో సగం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో బెయిన్ వార్తాసంస్థ సేకరించిన చిత్రాలు. పాఠకులు పంపిన ఆధారాలను పరిశీలించి గ్రంథాలయం వారు తమ పట్టికలను సవరించుకొన్నారు. ఇక్కడ ముఖ్యమైనది పరిశీలించడం. ప్రతి చిత్రం క్రింద మూడు గడులు ఉండవలెను: చిత్రం మీద వ్రాసి ఉన్నది, చిత్రంలో కనబడేది, వీటినుంచి ఊహించినది. మూడవ గడిలోనిది మొదటి గడిలోకి జారితే, ఆ తరువాత ఊహకు, నిజానికి తేడా ఎవరూ కనుక్కోలేరు. చిత్రం ప్రతి మన దగ్గర ఉన్నంతమాత్రాన దానిని ప్రచురించే హక్కు మనకు వచ్చినట్లు కాదని కూడ గుర్తుంచుకోవలెను. ఆ హక్కు తీసినవారిది గాని, వారి వారసులది గాని కావచ్చును.

ఈ పద్ధతికి పందెపు కార్లే కావలసిన పని లేదు. ప్రతి ఉన్నత పాఠశాలలోను గోడమీదనో, బీరువాలోనో పాత సామూహిక ఛాయాచిత్రాలు ఉంటవి. ఉపాధ్యాయుడు ఒక దానిని తరగతికి తెచ్చి, క్రింది వ్రాతను కాగితంతో కప్పి, సంవత్సరం ఎంతో చెప్పమనవచ్చును. భవనంలో ఏ గది అప్పటికి కట్టలేదు? చెట్టు ఎంత ఎత్తు ఉన్నది? నీడ ఎటు పడింది? విద్యార్థులు ప్రతి జవాబుకు తమ ఆధారం వ్రాయవలెను. చివరకు కాగితం తీసి చూచినపుడు వారి సంవత్సరం, క్రింద వ్రాసిన సంవత్సరం కలియకపోతే, తప్పు విద్యార్థులదే అని వెంటనే అనుకోరాదు. ఎవరి ఆధారం గట్టిదో విచారించవలెను.